ఆయుధపూజ నాటి కీబోర్డు

ఉద్యోగంలో చేరిన కొత్తల్లో మనిషి ధ్యాస తన పని మీద కన్నా పక్కవాడి బల్ల మీదే ఎక్కువ ఉంటుందేమో. నా సంగతి మాత్రం అంతే. తమక అనే ఊళ్లోని ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో నా పక్క బల్ల మా బావది. బంగారు గనుల చాంపియన్ రీఫ్స్‌లో, గని కార్మికుల ఒకే లైన్ ఇళ్లలో పెరిగాం. మా అవ్వ నాకు పెట్టే ప్రతి చీవాటూ "బావను చూసి నేర్చుకోరా" అనే ముగిసేది. అలాంటివాడు టకటకమనే కొత్త కీబోర్డు కొని, లినక్స్ కంప్యూటరుకు తగిలించగానే అది పనిచేస్తే నాకు కడుపు మండదా? మరునాడే నేనూ అలాంటిదే తెచ్చాను. (అవసరమా అని అడగకండి.)

ఆ వారమే ఆయుధపూజ. పూజ కాగానే దగ్గర్లోని నరసాపురం ఫ్యాక్టరీవాళ్లు వస్తారనీ, మా ఇద్దరిలో తను రాసిన ప్రోగ్రాం బాగా చూపించినవాడికే అక్కడి పని అనీ సార్ చెప్పారు. ఆ పని నాకు రావాలి. బావకు రాకూడదు, అది ఇంకా ముఖ్యం. పూజలో బావ తన కీబోర్డుకు ఒక్క కుంకుమ బొట్టు పెట్టాడు. నేను ఊరుకుంటానా? నా కీబోర్డుకు ముందూ వెనకా గంధం మెత్తి, దాని మీద కుంకుమ అదిమాను.

తీరా చూస్తే అక్షరాలు సరిగానే పడుతున్నాయి గానీ, ఎఫ్12 నొక్కితే నడవాల్సిన ప్రోగ్రాం నడవలేదు. పూజకని నా కంప్యూటర్లో పెట్టిన దేవుడి పాట మరింత గట్టిగా మోగింది. ఎఫ్1 నొక్కితే స్క్రీన్ మసకబారింది. కమాండ్లు కొట్టి ఆరా తీస్తే, లినక్స్ నా కీబోర్డును వేరే రకం కంప్యూటరుదిగా గుర్తించిందని తేలింది. ఫ్యాక్టరీవాళ్ల కారు అప్పటికే గేటు దగ్గరికి వచ్చేసింది.

"దిష్టి తగిలినట్లుండాది" అన్నాను, బావ వైపే చూస్తూ. (ఎవరి దిష్టి ఎవరి మీద ఉందో మీకు తెలిసిందే.)

"యాడ, ఇట్ల చూపించప్పా" అని బావ కీబోర్డు తిరగేశాడు. వెనక గంధం కింద ఒక చిన్న మీట ఉంది. ఏ రకం కంప్యూటరుకు వాడుతున్నామో దాన్ని బట్టి జరుపుకోవాల్సిన మీట. బొట్టు అదిమేటప్పుడు నా బొటనవేలే దాన్ని జరిపేసింది.

"దిష్టీ లేదు, ఏమీ లేదు. బొట్టు ఒగటి పెడితే చాలు కదప్పా, నువ్వు ఇంగ అభిషేకమే చేసినావు" అంటూ గోటితో గంధం గీకి, మీట జరిపి, వైరు పీకి మళ్లీ తగిలించాడు. ప్రోగ్రాం నడిచింది.

ఇద్దరం చూపించాక సార్ ఎటూ తేల్చుకోలేకపోతుంటే, బావే "వాన్నే పంపించండి సార్, వానికే మోజు ఎక్కువ" అన్నాడు. మొదటి రోజు కంపెనీ బస్సు కిటికీలోంచి చూస్తే, బావ నవ్వుతూ చెయ్యి ఊపుతున్నాడు. ఆ మొహంలో అసూయ రవ్వంతైనా దొరుకుతుందేమోనని బస్సు మలుపు తిరిగేదాకా వెతికాను. దొరకలేదు. అది కూడా నాకు కుళ్లుగానే ఉండింది.

ఇప్పుడు ప్రతి ఆయుధపూజకూ కీబోర్డుకు ఒక్క బొట్టే పెడతాను. పెట్టి, బావ ఫోన్లో పంపే తన కీబోర్డు ఫోటో కోసం చూస్తాను. ఏటా అంతే, వాడి బొట్టే నాదానికన్నా గుండ్రంగా ఉంటుంది.