జ గుణింతం

పక్షవాతం వచ్చాక మా నాన్న నోట్లో మిగిలింది ఒక్కటే అక్షరం. జ. మిగతావన్నీ పోయాయి. నా పేరు పోయింది, అమ్మను పిలిచే పిలుపు పోయింది, నలభై ఏళ్ళు వల లాగిన సముద్రం పేరూ పోయింది. దేవుడు ఏం చూసి ఆ ఒక్కదాన్ని వదిలిపెట్టాడో నాకిప్పటికీ తెలియదు. వదిలేవాడు "న" వదలొచ్చు కదా, నీళ్ళైనా అడుక్కునేవాడు.

నేను ఈ దీవుల్లో, జంగ్లీఘాట్‌లో ఒక మందుల షాపులో పని చేస్తాను. పదిహేడేళ్ళుగా అదే కౌంటరు. మందుల పేర్లకు ఎవరికీ నోరు తిరగదు. బెంగాలీలు ఒకలా విరుస్తారు, తమిళులు ఒకలా, మనవాళ్ళు ఇంకోలా. నాకు మొదటి ముక్క వినబడితే చాలు, "దీదీ, వో మెట్..." అనేలోపే మాత్రల అట్ట బల్ల మీద ఉండేది. షాపు ఓనరు కొత్తగా చేరినవాళ్ళకు నన్ను చూపించి, "ఇసే దేఖో, ఐసే కామ్ కర్తే హైఁ" అనేవాడు, పనంటే ఇలా చెయ్యాలని. నేను పొంగిపోయేదాన్ని. ఇంట్లోనూ అదే తీరు. అమ్మ మాట నోట్లో ఉండగానే లాక్కుని నేనే పూర్తి చేసేసేదాన్ని. "ఒలే, నన్ను సెప్పనియ్యే!" అని అమ్మ కసిరేది. నాది తొందరపాటు. దాన్ని తెలివనుకుని ఇన్నేళ్ళు బతికాను.

ఆసుపత్రిలో మాటలు నేర్పే మేడమ్ హిందీ ఆవిడ. "జో హై, ఉసీ సే షురూ కరో" అంది. ఉన్న అక్షరంతోనే మొదలుపెట్టండి, ఆయన తన బతుకులో ఎరిగినవాటి పేర్లే చెప్పించండి, బొమ్మ చూపించండి, తొందరపెట్టకండి. ఆ చివరి మాట నేను విన్నాను. విన్నానని ఒట్టేసి చెప్పగలను.

నాకు తెలుగు మాట్లాడటమే గాని రాయడం వచ్చేది కాదు. ఇక్కడ పుట్టి ఇక్కడ హిందీలో చదువుకున్నదాన్ని. అందుకని ముందు నేను ఆ ఒక్క అక్షరాన్నీ నేర్చుకోవలసి వచ్చింది. తెలిసినవాళ్ళ దగ్గర పాత పెద్దబాలశిక్ష ఒకటి తెచ్చి, జ, జా, జి, జీ అని దిద్దుకుంటూ కూర్చునేదాన్ని. నలభై రెండేళ్ళ ఆడది గుణింతం దిద్దుతుంటే మంచం మీది నుంచి నాన్న చూసేవాడు. అప్పుడు కుదిరిన రాతే ఇప్పుడు ఇది రాయిస్తోంది.

జడ, జామ, జాతర అని అమ్మా నేనూ మాటలు ఏరాం. నాన్న ముఖంలో చలనం లేదు. అమ్మ విసుగెత్తి, "జలగలాగా పట్టుకున్నావే మీ అయ్యని, ఒగ్గియ్యి" అంది నాతో. నాన్న మూతి ఎడమవైపు పైకి లేచింది. ఆ నవ్వు చూసి మాకిద్దరికీ ఏడుపొచ్చింది.

జలగంటే ఆయనకు పాత పరిచయం. పద్దెనిమిదేళ్ళ వయసులో శ్రీకాకుళం తీరం నుంచి ఓడెక్కి వచ్చిన కొత్తలో, పడవ మీద పని దొరికేదాకా ఫెరార్గంజ్ వైపు అడవి కొట్టే కూలికి వెళ్ళాడట. సాయంత్రం లుంగీ పైకెత్తితే పిక్కల నిండా జలగలు. ఉప్పు రాసి రాల్చుకునేవారట. ఆ మచ్చలు ముసలితనంలోనూ పోలేదు.

అలా చిన్న చిన్న పురుగూ పుట్రా పోగయ్యాయి. జలగ. జోరీగ. జెల్ల, ముల్లున్న చేప, ఒకసారి ఆయన అరచేతిలోంచి ఇవతలికి వచ్చింది దాని ముల్లు. జెర్రి. అట్ట మీద నాలుగు బొమ్మలూ వేశాను. నా బొమ్మల్లో జెల్లకూ జలగకూ తేడా మీసాలే. అమ్మ చూసి, "జోరీగని సూత్తే కాకిలాగుంది" అని నవ్వింది.

మేడమ్‌కు ఒక సంగతి తెలియదు. రాతలో జ ఒకటే గాని మన నోట్లో రెండున్నాయి. జలగలో జ పళ్ళ దగ్గర పలుకుతుంది, జెర్రిలో జ ఇంకాస్త లోపల. ఆవిడ హిందీ జ తో జలగ అంటే నాన్న తల అడ్డంగా ఊపేవాడు. ఒంట్లో సగం చచ్చుబడినా భాషలో తప్పు ఒప్పుకునేవాడు కాదు. నాకు ఎంత గర్వంగా ఉండేదో!

మూడు నెలలకు జలగ పూర్తిగా వచ్చింది. జెల్ల వచ్చింది. జోరీగ "జోయీగ" అయింది. నేను పాఠం మొదలుపెట్టగానే నన్ను వేలితో చూపించి "జోయీగ" అనేవాడు. చెవిలో జోరీగలా తయారయ్యానని. జెర్రి మాత్రం రాలేదు. "జె" అని ఆగిపోయేది. నాలుక పైకి లేచి కొట్టుకోవాలి కదా, అది లేచేది కాదు. నోరు తెరుచుకుని అలా ఉండిపోయేవాడు. నేను ఆగలేక "ర్రి" అని అందించేదాన్ని. కోపంగా చూసేవాడు. ఆయనకు పాము భయం లేదు, మొసలి భయం లేదు, తుఫాను భయం లేదు. ఒక్క జెర్రంటేనే ఒళ్ళు జలదరించేది. ఈ దీవుల్లో జెర్రి జానెడు దాటి పెరుగుతుంది. రోజూ చెప్పులు దులిపి గాని వేసుకునేవాడు కాదు.

ఇంకో మాట దానంతటదే వచ్చింది. అట్ట మీద లేనిది. ఒక సాయంత్రం కిటికీ వైపు చూస్తూ "జెత్తీ" అన్నాడు. జెట్టీ. అమ్మ పరుగెత్తుకొచ్చి ఆయన గడ్డం పట్టుకుంది. ఆ రోజు నుంచి వాన లేని సాయంత్రాల్లో ఆటో ఎక్కించి చేపల జెట్టీకి తీసుకెళ్ళేదాన్ని. పడవలు వచ్చే వేళకు ఆ కంపులో, ఆ కేకల్లో గంటసేపు కూర్చునేవాడు. పాతవాళ్ళు వచ్చి భుజం తట్టి వెళ్ళేవారు. తిరిగొచ్చేటప్పుడు ముఖం వేరుగా ఉండేది.

అది వానల కాలం. మధ్యాహ్నం అన్నానికి ఇంటికి వచ్చాను. అమ్మ రేషన్ షాపుకు వెళ్ళింది. నాన్న కిటికీ దగ్గర కుర్చీలో, మోకాళ్ళ మీది నుంచి పాదాల దాకా దుప్పటి. ఆ కుడికాలు ఎప్పుడూ చల్లగా ఉండేది, తాకినా తెలిసేది కాదు. నేను గుమ్మంలో అడుగు పెట్టగానే "జె!" అని అరిచాడు.

"ఆతీ హూఁ నాన్నా, అన్నం తిని వత్తాను."

"జె! జె!" ఎడమచేత్తో కిందికి చూపిస్తున్నాడు, పాదాల వైపు. చెప్పులు అడుగుతున్నాడనుకున్నాను. చెప్పులంటే ప్రయాణం, ప్రయాణమంటే జెట్టీ. షాపులో సొరుగు లాగినంత తొందరగా నాకు అర్థమైపోయింది.

"ఇంత బారిష్‌లో జెట్టీ ఏటి నాన్నా? రేపు ఎల్దాం, పక్కా."

ఆయన తల అడ్డంగా ఊపాడు. నోరు తెరుచుకునే ఉంది. "జె..." కళ్ళల్లో నీళ్ళు. నేను దగ్గరికి వెళ్ళి దుప్పటి సర్దాను. చలి తగలకూడదని రెండు పాదాల చుట్టూ గట్టిగా చుట్టి, అంచులు కిందికి దోపాను. అప్పుడు ఆయన నన్ను కొట్టాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి మా నాన్న నా మీద చెయ్యి చేసుకున్నాడు, ఎడమచెయ్యి, చెంప మీద.

నాకు రోషం వచ్చింది. "చిన్నపిల్లాడిలాగ జిద్ చేత్తే నేనేటి సెయ్యాల?" అన్నాను. అన్నం తినకుండా గొడుగు తీసుకుని షాపుకు వెళ్ళిపోయాను. వీధి మలుపు దాకా ఆయన గొంతు వినబడుతూనే ఉంది.

అమ్మ గంట తర్వాత వచ్చి దుప్పటి తీసింది. మడతలో జెర్రి. జానెడు పైనే. అమ్మ కత్తిపీటతో నరికితే రెండు ముక్కలూ రెండు వైపులకు పాకాయట. పాదం అప్పటికే కుండలా పొంగింది. మూడు చోట్ల కాట్లు. నొప్పి ఆయనకు తెలిసి ఉండదని డాక్టరు చెప్పాడు, నన్ను ఓదార్చడానికి. దుప్పటి కిందికి దూరి తన కాలి మీదికి పాకుతున్నదాన్ని ఆయన కళ్ళారా చూశాడు. నేను దుప్పటి దోపకముందే కరిచిందో, దోపాక పారిపోయే దారి లేక కరిచిందో తెలియదు. ఆ లెక్క నేను వెయ్యి సార్లు వేసుకున్నాను, ఎన్నిసార్లు వేసినా నా చేతుల దగ్గరికే వస్తుంది.

ఆయనది షుగరు ఒళ్ళు, పుండు మానలేదు. నల్లబడింది. రెండు వేళ్ళు తీసేశారు. ఆసుపత్రి వరండాలో బెంచీ మీద కూర్చున్నప్పుడు తట్టింది నాకు. జెట్టీ అనాలంటే ఆయన "జెత్తీ" అని పూర్తిగా అనేవాడు. ఒక్కనాడూ సగంలో ఆగలేదు. "జె" అని ఆగిపోయేది ఒక్క జెర్రి దగ్గరే. ప్రపంచంలో ఆ సంగతి తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే. నేర్పిందాన్ని నేనే. పక్కింటావిడ ఆ రోజు ఇంట్లో ఉండి ఉంటే, ఏమీ తెలియక, ఏమిటా అని దుప్పటి ఎత్తి చూసేది.

అమ్మకు చెప్పాను. అమ్మ తిట్టలేదు. "సగం ఆయన సెప్పినాడు. మిగతా సగం నువ్వే సెప్పీసినావు" అంది. అంతే.

ఇంటికి తెచ్చాం. పాఠం మొదలుపెడదామని అట్ట తీస్తే నాన్న ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. జెర్రి బొమ్మ చింపేసి మిగతావి చూపించాను. జలగ అనమన్నాను, జెల్ల అనమన్నాను. నోరు విప్పలేదు. మేడమ్ మళ్ళీ పరీక్ష చేసి, బుర్రలో కొత్తగా ఏమీ జరగలేదు, వచ్చిన మాటలు అలాగే ఉన్నాయి అంది. "వో బోల్నా నహీఁ చాహ్తే" అంది. ఆయనకే ఇష్టం లేదట. కాళ్ళ దగ్గర కూర్చుని, "నాన్నా, నాదే గల్తీ. ఒక్కసారి తిట్టు" అని బతిమాలాను. నా తల మీద చెయ్యి వేశాడు. కోపం లేదు ఆయనకు. కోపం ఉంటే బాగుండేది. నాతో చెప్పి లాభం లేదని తెలుసుకున్నాడు, అంతే.

అమ్మే ఒక ఉపాయం చేసింది. ఎడమచేతి పక్కన స్టూలు మీద స్టీలు గ్లాసు, చెంచా పెట్టింది. ఒకసారి కొడితే మంచినీళ్ళు, రెండుసార్లు కొడితే బయటికి, మూడుసార్లు కొడితే పక్క తిప్పాలి. ఊహించేదేమీ లేదు. అలా ఏడు నెలలు గడిచాయి. మా నాన్న తనకు కావలసిందంతా ఆ మూడు దెబ్బల్లోనే చెప్పాడు. షాపులో నేను ఇప్పుడు చీటీ లేనిదే మందు ఇవ్వను. పూర్తిగా చెప్పమంటాను. దీదీకి వయసు మీద పడిందని ఓనరు నవ్వుతాడు.

పోయే రెండు రోజుల ముందు, పొద్దున్నే ముఖం తుడుస్తుంటే నాన్న నా మణికట్టు పట్టుకున్నాడు. కళ్ళు నా మీద నిలిపాడు. పెదవులు కదిలాయి, నోరు కొంచెం తెరుచుకుంది. ఊపిరి లాక్కున్నాడు. నోరు మూసుకుని కూర్చోవలసింది. "ఏటి నాన్నా, ఏటి కావాల? జెట్టీయా?" అన్నాను.

ఆయన నా మణికట్టు వదిలాడు. చెయ్యి చాపి చెంచా తీసుకుని గ్లాసు మీద ఒక్కసారి కొట్టాడు. నీళ్ళు పట్టుకొచ్చాను. తాగలేదు.