చుక్కల గీతల్లో ఖాళీ

నాకు పద్నాలుగేళ్లప్పుడు నాయనా నేనూ బేతంచెర్ల దగ్గర ఒక చెరువు గట్టు మీద రాత్రి బస చేశాం. నాకు ఇంట్లో చదువు చెప్పింది ఆయనే. చుక్కలన్నీ ధ్రువనక్షత్రం చుట్టూ తిరుగుతాయంటే నేను నమ్మలేదని, పటం తీసి చూపిస్తానని కెమెరా తెచ్చాడు. బండ మీద దాన్ని ఆకాశానికి తిప్పి పెట్టి, మూత తీశాడు. తెల్లవారుజాము దాకా అట్లాగే ఉండాలి, దగ్గర్లో ఏ వెలుగూ పడకూడదు.

కొంతసేపటికి చీకట్లో ఆయన మూలిగాడు.

"కాలికి ఏందో కరిసింది మే."

"పామా, తేలా?"

"కనపడితే గదా చెప్పేకి. లాంతరు ముట్టియ్యాకు, పటం చెడిపోతాది."

"పటం తీసే మనిషి బతకాల గదా నాయనా ముందు."

ఆయనకు ఎదురు చెప్పడం అదే మొదటిసారి. తడుముకుంటూ పోయి కెమెరాకు మూత పెట్టాను. రెండు అగ్గిపుల్లలు విరిగాయి. దేవుణ్ణి తలచుకుని మూడోది గీసి లాంతరు ముట్టించాను. పాదం మీద ఒకటే గాటు ఉంది. పక్క రాయి కింద నల్లతేలు తోకెత్తి నిలబడి ఉంది.

"తేలే నాయనా."

ఆయన పళ్లు బిగబట్టి, "అయితే ఇంగ లాంతరార్పి మూత తియ్యి," అన్నాడు.

పటంలో చుక్కలు గీతలుగా వంగి తిరిగాయి. ప్రతి గీతా ఒకచోట తెగి, మళ్లీ మొదలైంది. ఈనాటికీ ఆ పటం ముందు నిలబడితే, ఆ తెగిన చోటు చూసే చేతులు జోడిస్తాను.