స్కాలర్‌షిప్పుకు ఎదురెళ్ళాను

“ఇంటర్వ్యూ నాకు కదా ఆంటీ, అంకుల్‌కి కాదు కదా.”

“సరే, పద. వస్తున్నా.”

ఆ పిల్లా నేనూ అనుకున్న చివరి మాటలు ఇవే. ఎనభైల్లో, జెర్సీ సిటీ బస్సులో నా పక్కన కూర్చుంది. అక్కడే పుట్టిన తెలుగు పిల్ల. కాలేజీ స్కాలర్‌షిప్పు ఇంటర్వ్యూకి పోతున్నానంది. అది వస్తేనే చదువు, లేకపోతే వాళ్ళ నాన్న కొట్లో కూర్చోవడమేనట.

వినగానే లేచి వెనక సీటుకు పోయాను. వెనకే వచ్చింది. మా ఖర్మకొద్దీ దిగేదీ ఒకే చోట. స్తంభం చాటుకు తప్పుకుంటే అక్కడికీ వచ్చింది.

“తెలుగు ఆంటీ ఎదురొస్తే గుడ్ లక్ అని మమ్మీ చెప్పింది. ప్లీజ్, నాకు ఎదురు వాక్ చేయండి.”

వాళ్ళమ్మ సగమే చెప్పింది. మిగతా సగం నేను చెప్పాను.

“నా మొగుడు పోయాడే తల్లీ. నాలాంటిది ఎదురొస్తే పని చెడుతుందంటారు.”

దానికే ఆ పిల్ల మొదట చెప్పిన ఆ ఇంటర్వ్యూ మాట అంది. నేను కాలేజీ గేటు దాకా ముందు పోయి, వెనక్కి తిరిగి, పెళ్ళివారికి ఎదురుకోలు వెళ్ళినట్టు దర్జాగా నడిచొచ్చాను. నవ్వుకుంటూ లోపలికి పోయింది.

స్కాలర్‌షిప్పు వచ్చిందో లేదో తెలియదు. ఇప్పుడు మాత్రం ఇంట్లో ఎవరు పనిమీద బయలుదేరినా నేను గుమ్మంలోనే నిలబడతాను.

ఏదీ, నేను చెప్పగా నువ్వు రాసింది చదవవే మనవరాలా. ఆ పిల్ల మాట దగ్గర కాస్త గట్టిగా చదువు, వంటింట్లో మీ అమ్మకు వినపడాలి.