టీ అన్న మాట

ఆదోనిలో ఎమ్మిగనూరు రోడ్డు మీద, పత్తి మిల్లు దగ్గర, దానమ్మ టీ కాచేది. పొద్దున్నే కాచిన దాంట్లో మొదటి గ్లాసు ఎవరికీ అమ్మేది కాదు. తనే తాగేది. గోనెపట్ట మీద కాళ్ళు చాపుకుని, గ్లాసు రెండు చేతులా పట్టుకుని, ముందు ఆవిరి ముక్కుకు పట్టించుకునేది. నిమ్మతొక్క గిల్లినట్టు వాసన. తర్వాత ఒక్కో గుక్క. మిల్లు కూత వేసినా సరే, ఆ గ్లాసు ఖాళీ అయ్యేదాకా లేచేది కాదు. తొందరపెట్టిన వాళ్ళకు ఒకటే జవాబు.

“నా టీ నన్ను తాగనీ అప్పా. నీది యాడికీ పోదు.”

అందులో టీ ఆకు ఒక్క రవ్వ ఉండదు. నిమ్మగడ్డి, దంచిన అల్లం, బెల్లం. దించే ముందు నాలుగు చుక్కలు నిమ్మరసం. పాలు లేవు. అయినా అది టీయే. ఆ మాట దగ్గరే గొడవంతా వచ్చింది.

దానమ్మ కృష్ణగిరి దగ్గర కిరస్తానీల పాలెంలో పుట్టింది. పెళ్ళికి ముందు ఎమ్మిగనూరులో ఒక దొరసాని బంగళాలో కసువు ఊడ్చేది. మామూలు టీ తాగితే రాత్రి నిద్ర పట్టదని ఆ దొరసాని పెరట్లో నిమ్మగడ్డి వేసుకుని, సాయంత్రాలు అది కాచుకుని తాగేది. దాన్నీ టీ అనే అనేది. దానమ్మను మెట్ల మీద పక్కన కూర్చోబెట్టుకుని ఒక గ్లాసు ఇచ్చేది. దయ అని నేననను. ఒంటరి మనిషి, ఎవరో ఒకరు పక్కన కావాలి. కానీ గ్లాసు పట్టుకుని కూర్చోవడం దానమ్మకు అక్కడే అలవాటైంది.

దొరసాని వాళ్ళ దేశానికి వెళ్ళిపోయాక, బంగళా కావలివాడు పెరట్లో కసువంతా పీకి పారెయ్యమన్నాడు. మా వైపు కసువంటే ఊడ్చే చెత్తా అదే, పశువులు మేసే గడ్డీ అదే. అతనికి తేడా తెలీలేదు. దానమ్మ ఒక నిమ్మగడ్డి దుబ్బు వేళ్ళతో సహా పెకలించి, తడిగుడ్డలో చుట్టి ఇంటి దగ్గర నాటుకుని, పెళ్ళయ్యాక ఆదోనికి తెచ్చుకుంది.

ఆదోనిలో మొగుడు ఏసన్నతో పాటు మిల్లులో పత్తి ఏరింది. అతను పోయాక కూడా ఏరింది. పదేళ్ళకు పత్తి నూగు గుండెల్లోకి దిగి దగ్గు పట్టుకుంది. ఎండాకాలం బిందె నీళ్ళకు జుట్లు పట్టుకునే ఊరు మాది. అయినా ఆ దుబ్బు ఎండలేదు. బియ్యం కడిగిన నీళ్ళు, మొహం కడిగిన నీళ్ళు, అన్నీ దానికే.

పొయ్యి పెట్టింది మాత్రం ఒక టీ హోటలు వల్ల. ఏ హోటలైతేనేం, అన్నీ అంతే. బయట గోడకు మేకులు కొట్టి రేకు గ్లాసులు తగిలించి ఉంటాయి. అంటు కాబట్టి పాలెం వాళ్ళు అవే తీసుకుని, ఎత్తు నుంచి పోస్తే పట్టుకుని, ఎండలో నిలబడి తాగి, కడిగి మళ్ళీ తగిలించాలి. ఒకరోజు దానమ్మ లోపలి బల్ల చూపించి అక్కడ కూర్చుని తాగుతానంది. హోటలతను నవ్వాడు. లోపల తాగేవాళ్ళూ నవ్వారు. ఆమె గ్లాసు మేకుకు తగిలించి వచ్చేసింది. ఆ తర్వాతి సోమవారం మిల్లు మానేసి పొయ్యి వెలిగించింది. ఎవరికైనా అవే గాజు గ్లాసులు. ఎవరైనా కూర్చునే తాగాలి.

మొదట్లో అందరూ ‘కసువు నీళ్ళు’ అన్నారు. ఆలూరు నుంచి పత్తి బండి తోలే నరసప్ప ఒకరోజు బండి ఆపి, “ఏం దానమ్మా, ఎద్దులకేసేది మాకు పోస్తాండావే” అన్నాడు.

“ఎద్దులు అడిగితే వాటికీ పోస్తా. నువ్వు కూర్చో.”

కూర్చున్నాడు. మర్నాడు ఇంకో ఇద్దరు బండివాళ్ళను వెంటబెట్టుకొచ్చాడు.

ఆ పొయ్యి ఉన్నది సుబ్బరామయ్య శెట్టి పత్తి గోదాము గోడ నీడన. శెట్టి పోనీలే అని ఊరుకున్నాడు. నేను కాలేజీ సగంలో వదిలేసి ఆయన మండీలోనే గుమాస్తాగా పడి ఉండేవాణ్ణి. ఆదోని బళ్ళారి నుంచి విడిపోయి కర్నూలు జిల్లాలో కలిసిన రెండో ఏడు, శెట్టికి గుండెదడ మొదలైంది. నిద్ర లేదు. డాక్టరు కాఫీ, టీ ముట్టుకోవద్దన్నాడు. రోజుకు పది సార్లు తాగే మనిషి, పిచ్చెత్తినట్టు తిరిగాడు. బండివాళ్ళ నోట దానమ్మ సంగతి విని నా చేతికి ఇత్తడి చెంబు ఇచ్చాడు. కషాయం పోయించుకు రమ్మన్నాడు. మందుకు అంటూ ముట్టూ ఏముంటుందని నాకే నచ్చజెప్పాడు.

దానమ్మ చెంబు వైపు చూసింది.

“కషాయం నా దగ్గర లేదప్పా.”

“అదే, ఈ గడ్డి నీళ్ళే. శెట్టికి.”

“ఇది టీ. టీ కావల్లంటే ఈడికొచ్చి కూర్చోని తాగమను.”

పేరేదైతే ఏం పోయిందని అన్నాను. తెలివితక్కువ మాట. ఆమె నా మీద కోప్పడలేదు.

“మందైతే నా చేతిది తాగుతాడు, టీ ఐతే తాగడు. పేరే కదప్పా అంతా.”

ఖాళీ చెంబు తెచ్చి శెట్టి ముందు పెట్టి, ఆమె అన్నది అన్నట్టే చెప్పాను. ఆయన చెంబు పక్కకు నెట్టాడు. తర్వాత, ఆదివారంలోగా గోడ దగ్గర నుంచి పొయ్యి ఎత్తెయ్యమని కబురు పంపాడు.

కబురు తీసుకుపోయిందీ నేనే. మిల్లులో పనిచేసే మరియమ్మ విని గాబరా పడింది. ఆ నీడ పోతే ఈ ఎండల్లో ఎవరు వస్తారు, మళ్ళీ మిల్లులో దూరితే ఆ దగ్గుతో ఎన్నాళ్ళు బతుకుతావు అని పోరింది.

“ఒక్క మాటే కదక్కా. కషాయం అంటే అననీ.”

“ఒక్క మాటే. నాకున్నదీ అదొక్కటే” అంది దానమ్మ.

ఆదివారం దాకా ఆగలేదు. శనివారం పొద్దున మొదటి గ్లాసు తాగి, గ్లాసు కడిగి, పొయ్యి రాళ్ళు తనే ఒక్కొక్కటీ మోసుకుని రోడ్డు దాటింది. అవతల చెట్టూ లేదు, గోడా లేదు. మొదటి వారం ఎండ దెబ్బకు సగం మంది రాలేదు. ఆమె తల మీద తడిగుడ్డ వేసుకుని కాచింది. రెండో వారం నరసప్ప తన బండికి కట్టే బొంగులు నాలుగు పాతి, పైన గోనెలు కుట్టి కప్పాడు. దానికి ఆమె థాంకులూ గీంకులూ చెప్పలేదు. కూర్చోమని గ్లాసు ఇచ్చింది.

నెల దాటాక ఒక సాయంత్రం అక్కడ జట్కా ఆగింది. సుబ్బరామయ్య శెట్టి. కళ్ళు గుంటలు పడి ఉన్నాయి. చేతిలో చెంబు లేదు. మండీ కట్టేశాక నేనూ, నరసప్పా అక్కడే గోనె కింద కూర్చుని ఉన్నాం.

“ఏం కావల్ల సామీ?” అంది దానమ్మ.

ఆయన ఇటూ అటూ చూశాడు.

“టీ.”

ఆమె గ్లాసు నింపి, గోనెపట్ట మీద ఖాళీ చోట పెట్టింది. శెట్టి జట్కా దిగాడు. వంగి గ్లాసు తీసుకున్నాడు. కూర్చోలేదు. పడమటి ఎండ మొహం మీద పడుతుంటే నిలబడే తాగాడు, అడుగు దాకా. గ్లాసు కింద పెట్టి వెళ్ళిపోయాడు.

దానమ్మ ఆ గ్లాసును మిగతా గ్లాసులతో కలిపి కడిగింది. ఆ నీళ్ళు బిందెలో పట్టుకుంది, ఇంటి దగ్గర దుబ్బుకు.

“కూర్చోలేదే” అన్నాడు నరసప్ప.

“నిలబడి తాగితే రుచి తెలీదప్పా” అంది దానమ్మ. “రేపు కూర్చుంటాడు.”