మిరపకాయల పెట్టెలో కానాగంతలు

ఆ రోజుల్లో నాకు లోకమంతా ఒక బజారులాగే కనిపించేది. ఆ బజారులో మనుషులు రెండే రకాలు: చెప్పిన ధరకి కొనేవాళ్లు ఒక రకం, మా నాన్న ఇంకో రకం. బందరులో మాది స్టీలు సామాన్ల కొట్టు (బోర్డుల మీద మచిలీపట్నం అని రాస్తారు గానీ బస్సులో టిక్కెట్టు అడిగేటప్పుడు మా నోటికి బందరే వస్తుంది). నాన్న నాకు నేర్పిన సూత్రం ఒక్కటే: "ఏం కావాలో చెప్పు, ఎందుకో మాత్రం చెప్పకు." కౌంటరుకి ఇవతల, అమ్మేవైపు నిలబడే ఆయన ఈ సంగతి కనిపెట్టారు. బిందె కావాలన్నవాడికి ఒక ధర, పెళ్లికి బిందె కావాలన్నవాడికి వేరే ధర చెప్పడం నేను పలకా బలపం పట్టక ముందు నుంచీ చూశాను. ఈ సూత్రం పట్టుకుని నేనొక మనిషి బతుకు పాడుచేశానని నాన్నకి ఇప్పటికీ తెలియదు. మీకు చెబుతున్నాను. నవ్వొచ్చిన చోట నవ్వండి, నేనేమీ అనుకోను.

డిగ్రీ అయ్యాక నాకు గుడివాడలో ఉద్యోగం దొరికింది. పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పి రిటైరైన ఒక మాస్టారు, పురుగుమందుల కొట్టు పైన రెండు గదులు తీసుకుని చిన్న కంపెనీ పెట్టారు. ముసురు పట్టినప్పుడు కూడా చేపలు కుళ్లిపోకుండా ఎండబెట్టే పెట్టె ఒకటి తయారుచేయాలని ఆయన తపన. మొదటి రోజే నన్ను కూర్చోబెట్టి, "చూడవయ్యా, నాకు వేడి సంగతి తెలుసు. రేకు సంగతి బందరులో ఒక సాయిబుగారికి తెలుసు. చేప సంగతి దివిసీమలో ఒకావిడకి తెలుసు. ముగ్గురి తెలివీ ఒకచోట కలిస్తేనే పెట్టె అవుతుంది. కలపడానికే నువ్వు. అర్థమైందా?" అన్నారు. "అయిందండీ" అన్నాను. నాకు అర్థమైందల్లా ఇది మధ్యవర్తి ఉద్యోగమని. అమ్మేవాడూ కొనేవాడూ ఎదురుపడిన రోజున మధ్యవర్తికి ఇంటికెళ్లడం తప్ప ఇంకేం పని ఉంటుంది? అందుకని వాట్సాప్‌లో మూడు గ్రూపులు పెట్టాను. ఒక్కో గ్రూపులో ఇద్దరమే, ఆ ముగ్గురిలో ఒకరూ, నేనూ. (ఇద్దరున్నదాన్ని గ్రూపంటారా అని మాస్టారు అడిగారు. కంపెనీ ఎదిగే కొద్దీ చేరతారండీ అన్నాను.)

సాయిబుగారిది బందరులో రేకు పని చేసే కొట్టు. పెద్దమనిషి. మాటకి ముందు సుత్తి పక్కన పెట్టేవారు. నేను కాగితం మీద తట్టల కొలతలు చూపించగానే, "దేనికి బాబూ ఇవి?" అని అడిగారు. నాన్న సూత్రం నా నాలుక మీద సిద్ధంగా ఉంది. కంపెనీ అనీ, కొత్త యంత్రమనీ అంటే రేటు ఎక్కడికి పోతుందో నాకు తెలియదా!

"మిరపకాయలు ఆరబెట్టడానికండీ."

"మిరపకాయలకి ఇంత లోతు తట్టలా?"

"మావి కాస్త పొడుగు మిరపకాయలండీ."

ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. "నీ ఇష్టం. జింకు పూత రేకు వేస్తాను. ఉప్పు గానీ పులుపు గానీ తగలదు కదా? తగిలే పనైతే ఇప్పుడే చెప్పు, ఈ రేకు పనికిరాదు. స్టీలు కట్టాలి."

నాకు లోపల నవ్వొచ్చింది. స్టీలు సామాన్ల కొట్టువాడి కొడుక్కే స్టీలు అంటగడుతున్నారు! ఇలాంటి ఎత్తులు మా నాన్న పొద్దున బోణీకి ముందే పది వేస్తారు. "మిరపకాయకి ఉప్పెందుకండీ" అన్నాను. నిజానికి ఊరగాయని రేకు డబ్బాలో పెట్టకూడదని మా కొట్టుకొచ్చిన ప్రతి కొత్త కోడలికీ నేనే చెప్పేవాణ్ని. అంటే ఆ కంపెనీలో కొంత తెలివి నా దగ్గరా ఉంది. నాతో నేనే బేరమాడుకుని దాన్ని బయటికి రానివ్వలేదు.

ఇక దివిసీమలో, సముద్రం అంచున ఉన్న పల్లెలో ఆవిడ. నేను అత్తా అని పిలిచేవాణ్ని, ఆవిడ అల్లుడూ అనేది. భర్త చేపల వేటకెళ్లేవాడు, ఈవిడ చేప కోసి, ఉప్పు పట్టించి, ఇసక మీద ఎండబెట్టేది. ఆ పల్లెలో ఆవిడ వేళ్లకున్న విలువ పంచాయతీ ముద్రకి కూడా లేదు. చేపని బొటనవేలితో ఒకసారి నొక్కి, "అయింది" అంటేనే ఆడవాళ్లు దాన్ని గంపకెత్తేవాళ్లు. "కాలేదు" అంటే కొనడానికొచ్చిన వ్యాపారి అయినా సరే చెట్టు నీడన కూర్చోవాల్సిందే. నేను నాలుగుసార్లు వెళ్తే నాలుగుసార్లూ ఒకటే మాట అంది.

"పెట్టె చేసే ఆయన్ని ఒకసారి తీసుకురా అల్లుడూ. నీతో చెప్తే నీకేం తెలుస్తుంది?"

"నాకు చెప్తే ఆయనకి చెప్పినట్టే అత్తా."

"అయితే విను. చేప ముందు గాలికి వాడాలి. ఆ తర్వాతే వేడి. తొందరపడి మొదటే వేడి పెట్టావనుకో, పైన కర్ర, లోపల పచ్చి. పచ్చి ఉన్నచోట పురుగు. చెప్తావా?"

"ఇదిగో, రాసుకుంటున్నా" అని ఫోనులో రాసుకున్నాను. రాసుకుని, మాస్టారికి చెప్పలేదు. కొట్లో ఉన్న సరుకంతా ఒకేరోజు బల్ల మీద పరిచేస్తామా? జీతం పెంచమని అడిగే రోజున తీద్దామని అటక మీద పెట్టాను. మాస్టారేమో వారానికోసారి, "ముగ్గుర్నీ ఒక గదిలో కూర్చోబెట్టవయ్యా" అనేవారు. సాయిబుగారికి కోళ్లఫారాల పని అనో, అత్తకి వేట రోజులనో చెప్పి తోసేసేవాణ్ని. గుడివాడలో డాబా మీద పెట్టెని దొండకాయ ముక్కలతో పరీక్షించారు. (చేపలు పెడదామంటే వాసన భరించలేనని కింది కొట్టాయన గొడవ చేశాడు. పురుగుమందుల కొట్టాయన.) దొండకాయలు భేషుగ్గా ఎండాయి. నాలుగు పెట్టెలు తయారయ్యాయి.

ఆషాఢంలో పెట్టెలు పల్లెకి చేరిన వారానికి ముసురు పట్టింది. అదే సమయంలో పడవలకి కానాగంత చేపలు విరగబడి పడ్డాయి. ఇసక తడి, ఆకాశం మసి. చేపలన్నీ కుళ్లిపోయేలా ఉంటే, అత్త ఇంటింటికీ తిరిగింది. "పెట్టెలో పెట్టండే, నా మాట మీద పెట్టండి" అంది. నలుగురైదుగురు ఆడవాళ్లు వాళ్లకొచ్చిన చేపంతా తెచ్చి పెట్టారు. నేను పక్కన నిలబడి ఫోనులో ఫొటోలు తీసి, మాస్టారికి వాట్సాప్‌లో పైకెత్తిన బొటనవేలు బొమ్మలు పంపాను.

మూడో రోజు మధ్యాహ్నం తలుపులు తీశారు. ముందు వాసన వచ్చింది. పైకి చూస్తే చేపలు చక్కగా కర్రల్లా ఉన్నాయి. అత్త ఒకదాన్ని నొక్కింది. ఇంకోదాన్ని నొక్కింది. విరిచింది. లోపల తెల్లగా, మెత్తగా, కదులుతూ ఉంది. తట్టల మీద ఉప్పు తగిలినచోటల్లా బూజులాంటి తెల్లటి పొడి. పైన బాగున్నట్టు కనిపించిన చేపకి కూడా ఆ పొడి అంటుకుంది. అత్త చేతులు చీరకి తుడుచుకుంది. చేపంతా ఇసకలో గొయ్యి తీసి పూడుస్తుంటే ఒకావిడ, "నీ అల్లుడు బాగా ఎండబెట్టాడే, నిన్ను" అంది. ఎవరూ నవ్వలేదు.

నా ఫోను వినగానే మాస్టారు బయల్దేరి, నన్నడక్కుండా బందరులో ఆగి సాయిబుగారిని కూడా కారులో ఎక్కించుకుని వచ్చారు. సాయిబుగారు తట్ట ఒకటి తీసి, వేలితో పొడి రాసి, వాసన చూసి, నావైపు తిరిగారు. కోపం లేదు. అది ఉన్నా బాగుండేది.

"మిరపకాయలన్నావు కదా బాబూ."

ఆ మాటకి మాస్టారు కూడా నావైపు చూశారు. నేను ఇసకవైపు చూశాను. ఆ తర్వాత వాళ్లు ముగ్గురూ తిరగేసిన పడవ పక్కన కూర్చున్నారు. నన్నెవరూ పిలవలేదు. ముందు గాలి అని అత్త అంటే, మొదటి రోజు ఫ్యాను మాత్రమే తిప్పుదామని మాస్టారు; గాలి బయటికి పోవాలి కదా, వెనక కంత పెడతానని సాయిబుగారు; కంత కింద వద్దు, నక్కలొస్తాయని అత్త. ఒక టీ చల్లారేలోగా పెట్టె అయిపోయింది. నేను నెలల తరబడి కష్టపడి కలవనివ్వనిది.

ఆ కొత్త పెట్టె, స్టీలు తట్టలది, పనిచేసింది. ఇప్పటికీ వేరే పల్లెల్లో పనిచేస్తోంది. ఈ పల్లెలో మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. పెట్టెని నమ్మకపోతే పోనీ, అత్త వేలిని కూడా నమ్మడం మానేశారు. ఆవిడ నొక్కి "అయింది" అంటే, పక్కావిడ మళ్లీ తనే నొక్కి చూసుకునేది. రెండు నెలలు అలా చూసి, అత్త ఇసక వదిలేసి రొయ్యల షెడ్డులో పనికెళ్లింది. పొద్దుట నుంచి సాయంత్రం దాకా ఐసు నీళ్లలో చేతులు పెట్టి పొట్టు తీసే పని. మాస్టారు నన్ను తీసేయలేదు, అదే పెద్ద శిక్ష. ఏడాది తర్వాత నేనే మానేసి మా కొట్లో కూర్చున్నాను. మా గిరాకీలని ఇప్పుడు "దేనికండీ?" అని అడుగుతాను. ధర పెంచడానికి కాదు. వాళ్లు నమ్మరనుకోండి, నేనైతే నమ్మేవాణ్నా?

పోయిన నెల ఆ పల్లెకి వెళ్లాను. వేరే ఊళ్లో ఆ పెట్టెలో ఎండిన కానాగంతలు నాలుగు కాగితంలో చుట్టి పట్టుకెళ్లాను. అత్త అరుగు మీద కూర్చుని ఉంది. వేళ్లు ఉబ్బి, చివర్లు తెల్లబడి ఉన్నాయి. చేపని తీసుకుని బొటనవేలితో నొక్కింది. మళ్లీ నొక్కింది. చెయ్యి మార్చి నొక్కింది.

"ఐసుకి వేళ్లు చచ్చిపోయాయి అల్లుడూ. తెలియటం లేదు. నువ్వు చూడు, ఎండిందా?"

నేను నొక్కాను. నాకేం తెలుస్తుంది? ఆవిడ చెప్పిన మాట మాత్రం ఫోను మారినప్పుడల్లా కొత్త ఫోనులోకి తెచ్చుకుంటూనే ఉన్నాను. ఎప్పుడో అమ్ముదామని దాచిన సరుకు. అయినా పాత అలవాటు, నోరు ఊరుకోదు.

"అయింది అత్తా" అన్నాను, కొట్లో బిందె అమ్మేవాడిలా.

అత్త పళ్లు లేని నోటితో నవ్వింది. "నీకేం తెలుసయ్యా, మిరపకాయలోడివి" అని, చేపని రెండుగా విరిచి, నాకు కనబడేలా లోపలివైపు వెలుగుకి పట్టింది.