కడిగిన బంగారు పలక

రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏడు నన్ను జమ్మలమడుగు హాస్టలు నుంచి ప్రొద్దుటూరులోని ఒక కాలేజీ పరిశోధనశాలకు అటెండరుగా మార్చారు. నేను చదివింది మూడో తరగతి. గాజు సామాను కడగడం, వాడిన పలకలు చెత్తడబ్బాలో వేయడం నా పని.

ఆ పలక గోరంత గాజుముక్క. దాని మీద ఊదితే పోతుందేమో అన్నంత పలుచని బంగారు పూత, పూత మీద చుక్కలుగా చీనీ, అంటే బత్తాయి చెట్ల తెగులు వైరస్‌ను పట్టుకొనే ప్రోటీను. ఆకురసం పైన పారించి, కింద నుంచి వెలుగు వేస్తారు. ఆ వెలుగుకు బంగారం మీది ఎలక్ట్రాన్లు అలలాగా కదులుతాయట. చుక్కకు వైరస్ అంటుకుంటే అక్కడ తిరిగొచ్చే వెలుగు మారి, కెమెరాలో ఆ చుక్క తెల్లబడుతుంది. పలకను ఒక్కసారే వాడాలి. ఇదంతా నాకు చెప్పింది అక్కడ పరిశోధన చేసే కమలాపురం పిల్ల సునీత.

ప్రొద్దుటూరులో మా వీధిలో కంసాలి అంగడి ఊడ్చిన దుమ్మును కూడా కడిగి బంగారం తీస్తారు. అట్లాంటి ఊళ్లో పుట్టి బంగారు పలకను పారేయడానికి నాకు చేయి రాలేదు. మూడింటిని సబ్బునీళ్లతో కడిగి, ఆరబెట్టి, ఫ్రిజ్‌లోని కొత్త పలకల పెట్టెలో చివరి వరుసలో సర్దాను. ఎవరికీ చెప్పలేదు.

ఆ వారమే పులివెందుల నుంచి నర్సరీ ఓబులప్ప తన తల్లిచెట్టు ఆకులు తెచ్చాడు. అంట్లు కట్టడానికి కొమ్మలు ఆ చెట్టు నుంచే కోయాలి. సునీత పెట్టె చివరి వరుసలోని పలకతో పరీక్షించి తెగులు లేదంది. నిబంధన ప్రకారం మరునాడు వేరే పలక మీద మళ్లీ పరీక్షిస్తే చుక్కలు తెల్లబడ్డాయి. మూడోసారీ అంతే.

ఓబులప్ప ఊరుకోలేదు. "ఏందమ్మా, నిన్న బాగుందంటివి, ఈపొద్దు తెగులంటాండావు. రాత్రికి రాత్రే నా చెట్టుకు జబ్బు చేసెనా? కత్తి పట్టుకోని కొమ్మ కోయబోతాంటిని!"

సునీత ఆకురసం సీసాలు తారుమారు చేసిందని ప్రొఫెసరు సారు తేల్చారు. పలక చెడితే తప్ప ఇట్లా రాదని ఆమె ఎంత చెప్పినా వినలేదు. తప్పు ఒప్పుకుంటూ కాగితం రాయాలి, లేదా పరిశోధన మానుకోవాలన్నారు. ఆమె ఏడుస్తూ రాసింది. పలక అనగానే నాకు అర్థమైంది: మొదటి రోజు వాడింది నేను కడిగిన పలకే, సబ్బుకు దాని మీది ప్రోటీను పోయుంటుంది. నేను ఆ గదిలోనే గాజు గొట్టాలు తుడుస్తున్నాను. రిటైర్మెంటుకు రెండేళ్లుంది. చిన్న పొరపాటుకే పిల్లలను కసిరేదాన్ని, ఆ రోజు తుడిచిందే తుడిచాను.

ఆమె కాగితం రాసిన నాలుగో రోజు, నేను కడిగినవాటిలో మిగిలిన రెండు పలకలూ సారు బల్ల మీద పెట్టి జరిగింది చెప్పాను. ఆ రోజు నువ్వు గదిలోనే ఉన్నావు కదా అని మాత్రం అడిగారు. సునీత రాసిన కాగితం చించేశారు.

సునీత అంది: "అవ్వా, కడిగినందుకు నాకు కోపం ల్యాదు. నేను ఏడుస్తాంటే సూసి గూడా గమ్మునుంటివే."

నేను రిటైరయ్యేదాకా ఆమె తన గాజు సామాను తానే కడుక్కుంది.

కడిగిన పలక శుభ్రమైనదే కాని కొత్తది కాదని ఆ శాలలో నేర్చుకున్నాను. మన తప్పు ఇంకొకరి నెత్తిన పడుతున్నప్పుడే నోరు విప్పాలి. కడగడం తెలియక చేశాను. ఆ మూడు రోజులకు నా దగ్గర సంజాయిషీ లేదు.