బజ్జీల బండి మీద బోడి చాకు

అద్దంకి బస్టాండు దాటి శింగరకొండ రోడ్డు మలుపు తిరగగానే, ఎరువుల కొట్టు పక్కన నసీమున్నీసా బజ్జీల బండి ఉంటుంది. బండి కనిపించే లోపే వాసన వస్తుంది కాబట్టి కొత్తవాళ్లకి కూడా దారి చెప్పాల్సిన పని లేదు. అంత పొడుగు పేరు పలికే ఓపిక లేక ఊరంతా ఆమెను నసీమక్క అంటుంది. ఆమె కంటే వయసులో పెద్దవాళ్లు కూడా అక్క అనే పిలుస్తారు. వేడి వేడి బజ్జీ కావాలంటే ఆ మాత్రం మర్యాద తప్పదు మరి.

ఆమె పుట్టి పెరిగింది మార్టూరు అవతల ఒక పల్లెలో. పత్తి తీసే రోజుల్లో పత్తిచేలో, కాయ పండాక మిరపచేలో, ఆ తర్వాత కల్లంలో రంగు పోయిన తాలుకాయలు ఏరే ఆడవాళ్ల గుంపులో ఆమె బాల్యం గడిచింది. కళ్లు మండితే రుద్దుకోకూడదనీ, చేతులు మండితే మజ్జిగలో ముంచాలనీ అక్కడే తెలుసుకుంది. పెళ్లయి అద్దంకి వచ్చేనాటికి మిరపకాయ అంటే ఆమెకు బొత్తిగా భయం పోయింది.

భర్త అలీ సాహెబ్ మంచాలు అల్లేవాడు. సైకిలు వెనక నవారు చుట్టలు కట్టుకుని ఊరూరా తిరిగేవాడు. వీధిలో మంచం వాల్చుకుని గళ్ల వరసలూ, చేపముల్లు వరసలూ వేస్తుంటే ఆడవాళ్లు ఇంటిపని మానుకుని చూసేవాళ్లట. వాళ్లలో ఎవరినైనా ఈయన కూడా చూశాడేమోనని నసీమున్నీసాకు ఇప్పటికీ చిన్న అనుమానం ఉంది.

తర్వాత ఇళ్లలోకి ప్లైవుడ్ మంచాలు వచ్చాయి, వాటి మీదకు పరుపులు వచ్చాయి. అల్లాల్సిన మంచాలు కరువయ్యాయి గానీ ఆ సంగతి అలీ సాహెబ్ చేతులకు తెలియలేదు. ఇంట్లో ఏది దొరికితే దాన్ని చుట్టడం మొదలుపెట్టాడు. బకెట్ కాడకు చుట్టాడు. గొడుగు పిడికి చుట్టాడు. టార్చిలైటును చంటిపిల్లలా తాడుతో పొదిగాడు. టీవీ రిమోటుకు చుట్టి, మీటలున్న చోట మాత్రం కిటికీల్లాగా ఖాళీలు వదిలాడు. శబ్దం తగ్గించే మీటకు కిటికీ పెట్టడం మరిచిపోయాడు. అప్పట్నుంచి ఆ ఇంట్లో టీవీ మోత పెరగడమే గాని తగ్గడం లేదు.

బజ్జీల బండి పెడదామన్నది నసీమున్నీసా ఆలోచన. అలీ సాహెబ్ సాయంత్రం బండి తోసుకొచ్చి, స్టవ్ వెలిగించి, పక్కన స్టూలు వేసుకుని కూర్చుంటాడు. ఆ స్టూలు కాళ్లకూ తాడు చుట్టే ఉంది.

కూతురు నస్రత్ మంగళగిరిలో ఒక ఆఫీసులో పనిచేస్తోంది. బజ్జీకాయ చీల్చే చాకుకు చెక్క పిడి పగిలి వేలు గీరుకుపోతోందని ఫోనులో తల్లి అంటే, ఆన్‌లైన్‌లో వెతికి కొత్తది పంపింది. పార్సిలు విప్పితే అరచేతిలో ఇమిడే చిన్న చాకు బయటపడింది. మొన దగ్గర్నుంచి పిడి చివరిదాకా అంతా ఒకటే ఉక్కు రేకు. పిడికి చెక్క లేదు, ప్లాస్టిక్ లేదు. పైగా ఆ ఉక్కుకే మూడు పెద్ద చిల్లులు పెట్టి, చుట్టూ సన్నటి గట్టు మాత్రం మిగిల్చారు. అలీ సాహెబ్ దాన్ని వెలుతురుకెత్తి, ఒక చిల్లులోంచి భార్య మొహం చూశాడు.

"పాపం, పని సగంలో ఆపేశారే. ఎముకలు పంపి కండ మరిచిపోయారు. కాస్త దారం చుట్టేస్తా, ఉండు."

"చుట్టొద్దు," అంది నసీమున్నీసా.

"చేతిలో జారుద్ది."

"జారితే జారనీ. నీ దారం తగలని వస్తువు ఈ ఇంట్లో ఒక్కటన్నా ఉండనియ్యయ్యా."

ఆమెకు ఆ చాకు మొదటి రోజే నచ్చింది. దూదిపింజలా తేలిగ్గా ఉంది. మొన గుచ్చి కాయను నిలువునా చీలిస్తే గింజలు ఒక్క లాగుడుకే వచ్చేస్తున్నాయి. పని అయ్యాక నీళ్లు పోస్తే పిండీ జిడ్డూ ఎక్కడా దాక్కోకుండా పోతున్నాయి. చిల్లు ఉంది కాబట్టి మేకుకు తగిలిస్తే సరిపోతోంది. ఇన్నాళ్లు వాడినవి చాకులే కావనిపించింది ఆమెకు.

అలీ సాహెబ్‌కు మాత్రం మనసు మనసులో లేదు. స్టూలు మీద కూర్చుని, బజ్జీలకు వచ్చినవాళ్లందరికీ చాకు చూపించి తీర్పు అడగడం మొదలుపెట్టాడు. బడిలో లెక్కలు చెప్పే ఇమ్మానియేలు మాస్టారు దాన్ని రెండు వైపులా తిప్పి చూసి, జిడ్డు చేతిలో నున్నటి ఉక్కు నిలవదనీ, చుట్టడమే క్షేమమనీ అన్నారు. మాంసం కొట్టు నడిపే బుడే అడ్డం తిరిగాడు. తను ఒకప్పుడు కత్తికి గుడ్డ చుట్టాననీ, కడిగినకొద్దీ నీచు వాసన పెరిగిందే గాని పోలేదనీ చెప్పాడు. బస్సు కోసం వచ్చినవాళ్లు బస్సు వదులుకుని మరీ వాదనలోకి దిగారు. ఒకాయన, చాకు సంగతి తర్వాత, ముందు బజ్జీకి ఇంకాస్త పిండి చుట్టమన్నాడు. ఆయన పొట్లంలో నసీమున్నీసా ఆ పూట ఉల్లిపాయ ముక్కలు వెయ్యలేదు.

ఒక ఆదివారం ఆమె పుట్టింటివైపు పెళ్లికి వెళ్లింది. చాకు గోడ మేకుకు వేలాడుతోంది. దానివైపు చూడకూడదని అలీ సాహెబ్ నిజంగానే ప్రయత్నించాడు. టీవీ పెట్టుకున్నాడు. కాసేపు పడుకున్నాడు. నిద్ర పట్టక లేచి, చాకు చేతిలోకి తీసుకున్నాడు.

నైలాను అయితే నున్నగా ఉంటుందని నూలు దారం ఎంచుకున్నాడు. సన్నటి పోగులు కలిపి పేని, చిల్లుల్లోంచి దూర్చి, ఒక వరస అటూ ఒక వరస ఇటూ లాగి, చేపముల్లు అల్లిక వేశాడు. మంచాల పని పోయాక అంత శ్రద్ధగా ఏదీ అల్లలేదు. అంతా అయ్యాక ముడి ఎక్కడ దాచాడో వెతికితే తనకే కనబడలేదు.

పెళ్లి నుంచి బిర్యానీ డబ్బాతో వచ్చిన నసీమున్నీసా చాకు చూసి నోరు తెరిచింది, తిట్టడానికే. అది చేతిలోకి తీసుకున్నాక ఆ తిట్టు బయటికి రాలేదు. అల్లిక గుప్పిటకు సరిగ్గా సరిపోయింది. కొత్త కాపురంలో ఆయన తనకోసం అల్లిన మంచం మీద కూడా ఇదే వరస ఉండేది. బాగానే కుదిరిందని మాత్రం అని లోపలికి వెళ్లింది. ఆ ముక్క చాలు. మర్నాడు సాయంత్రానికి ఆ మాట బజారంతా పాకింది. ఇమ్మానియేలు మాస్టారు గెలిచినట్టు తలాడించారు. బుడే ఆ పూట బజ్జీలు తినకుండా వెళ్లిపోయాడు.

కొద్ది రోజులు బాగానే గడిచాయి. ఆ తర్వాత నూలు తన గుణం చూపించింది. కాయ చీల్చినప్పుడల్లా ఊరే రసాన్నీ, గింజల ఘాటునూ అది చుక్క వదలకుండా తాగింది. సబ్బు పెట్టి తోమినా, ఎండలో ఆరేసినా, కారం లోపలే ఉంటోంది. పట్టుకున్నంతసేపూ చెమటకు కొంచెం కొంచెంగా బయటికి వస్తోంది. కల్లంలో రోజంతా కూర్చున్నా చెక్కుచెదరని నసీమున్నీసా అరచెయ్యి ఇప్పుడు నిప్పులో పెట్టినట్టు మండింది. చెయ్యి మార్చి చూసింది. రెండో చెయ్యీ మండింది.

అయినా ఆమె ఎవరికీ చెప్పలేదు. బండి కింద ఒక గిన్నెలో మజ్జిగ పెట్టుకుని, గిరాకీ లేనప్పుడు చెయ్యి ముంచుకునేది. ఇమ్మానియేలు మాస్టారు ఆ గిన్నె చూసి, మజ్జిగ కూడా అమ్ముతున్నారనుకుని ఒక గ్లాసు అడిగారు. అయిపోయిందండీ అని ఆమె గిన్నెను కాలితో వెనక్కి నెట్టింది.

ఒక మధ్యాహ్నం అలీ సాహెబ్ జామకాయ కోసుకోవడానికి అదే చాకు తీశాడు. ముక్క నోట్లో వేసుకుంటే కారం అద్దినట్టు తగిలింది. అది ఆయనకు బాగానే ఉంది, కాయంతా తిన్నాడు. ఆ తర్వాత నుదుటి చెమట తుడుచుకుంటూ కళ్లు కూడా తుడుచుకున్నాడు.

కేక విని నసీమున్నీసా వంటింట్లోంచి వచ్చేసరికి ఆయన కళ్లు మూసుకుని గది నాలుగు గోడలూ తడుముతున్నాడు. చెయ్యి పట్టుకుని కుళాయి దగ్గర కూర్చోబెట్టి, దోసిళ్లతో నీళ్లు కొట్టింది. కాస్త నెమ్మదించాక ఆయన ఒక కన్ను తెరిచి, మజ్జిగ వాసన వేస్తున్న ఆమె చేతులవైపు చూశాడు. రెండూ ఎర్రగా కందిపోయి ఉన్నాయి.

"నీకూ ఇట్టాగే మండుతోందా?"

"నాలుగైదు రోజుల్నుంచి."

"మరి చెప్పలేదేం?"

"వచ్చినవాళ్లందరికీ చూపించుకుంటున్నావుగా. ఎట్టా చెప్పను?"

అలీ సాహెబ్ లేచాడు. చాకు తీసుకుని గుమ్మంలో కూర్చున్నాడు. కత్తెరతో కోసేస్తే చిటికెలో పనైపోయేది. ఆయన కొయ్యలేదు. ఎర్రబడ్డ కళ్లతో ఆ దాచిన ముడి వెతుక్కుని, వెయ్యడం ఎంత బాగా వేశాడో అంత కష్టపడి, ఒక్కో వరసే విప్పాడు. ఆ సాయంత్రం బండి తొయ్యడం కూడా ఆలస్యమైంది.

చాకు మళ్లీ బోడిదైంది. బుడే తిరిగి వచ్చి రెండు ప్లేట్లు తిని, తను ముందే చెప్పానని ఒక్కొక్కరికీ గుర్తుచేశాడు. అలా నాలుగు రోజులు వరసగా గుర్తుచేశాక నసీమున్నీసాకు విసుగొచ్చింది. ఒకపక్క కాయలు చీలుస్తూ, ఇంకోపక్క నూనెలో బజ్జీలు తిప్పుతూ, నీ కొట్లో కత్తుల సంగతి నువ్వు చూసుకోమని అతన్ని కడిగేస్తోంది. జిడ్డు చేతిలో చాకు ఎప్పుడు జారిందో, పిండి బేసినులో ఎప్పుడు పడిందో ఆమెకు తెలియదు. మాస్టారు చెప్పింది చెప్పినట్టే జరిగింది. కాకపోతే ఆ సమయానికి ఆయనా చూడలేదు.

బుడే మీది కోపంలో ఆమె చెయ్యి దానంతటదే పనిచేసుకుపోతోంది. బేసినులోంచి పిండి పట్టిన కాయలు తీసి బాణలిలో వదులుతోంది. అదృష్టం బాగుండి చాకు పిడివైపు చేతికి దొరికింది. కాయలాగే పొడుగ్గా, సన్నగా, పిండి పట్టి ఉంది. దాన్నీ వదిలేసింది. బజ్జీలన్నీ పైకి తేలాయి, ఒకటి మాత్రం అడుక్కి పోయింది. బాణలి అడుగున అంటుకుందనుకుని చిల్లుల గరిటెతో గోకింది. గరిటె ఖణేలుమంది.

పైకి తీస్తే చాకు బంగారు రంగులో వేగి ఉంది. మూడు చిల్లుల్లోనూ శనగపిండి పొంగి, పిడి నిండుగా, గుండ్రంగా తయారైంది. బండి చుట్టూ ఉన్నవాళ్లు నమలడం ఆపేశారు. అలీ సాహెబ్ స్టూలు మీంచి లేచి వచ్చి, గరిటెలోకి వంగి చూశాడు.

"నన్ను చుట్టొద్దని చెప్పి, చివరికి నువ్వే చుట్టావన్నమాట," అన్నాడు.

నసీమున్నీసాకు ముందు నవ్వు వచ్చింది, దాని వెంట ఆయాసం వచ్చింది, చివరికి స్టవ్ తగ్గించి నడుం పట్టుకుని నవ్వింది. చాకు చల్లారాక బుడే పిడి మీది పిండిని వలుచుకు తిని, ఉప్పు సరిపోయిందని చెప్పాడు. వాళ్లిద్దరి గొడవా అక్కడితో తీరింది.

ఇంటికి వెళ్లేటప్పుడు ఆమే అడిగింది. పిడి జోలికి రాకుండా, చివరి చిల్లుకు ఒక తాడు కట్టి, రెండో కొస బండికి ముడివెయ్యమంది. నూలు వద్దు, తడి పీల్చనిది ఏదైనా సరేనంది. అలీ సాహెబ్ ఎర్ర నైలాను తాడు పేనాడు. మొదటిది పొట్టిదై చాకు కాయల పళ్లెందాకా రాలేదు. రెండోది పొడుగై నూనె బాణలికి ఆనబోయింది. మూడోది కుదిరింది. ఇప్పుడు చాకు జారినా బేసిను దాకా పోకుండా గాలిలో ఊగుతుంది.

ఆ నెలాఖరులో నస్రత్ వచ్చింది. బండి దగ్గర నిలబడి బజ్జీ తింటూ జరిగిందంతా ఇద్దరి నోటా రెండు రకాలుగా విన్నది. అసలు ఆ చిల్లులు ఎందుకు పెట్టారో ఫోనులో చూడమని అలీ సాహెబ్ అడిగాడు. నస్రత్ వేలు తుడుచుకుని వెతికి చదివింది. బరువు తగ్గడానికట. ఇష్టమైతే పిడికి తాడు చుట్టుకోవచ్చని కూడా ఉంది.

"చూశావా, చుట్టుకోవచ్చన్నారు," అన్నాడు అలీ సాహెబ్.

"ఇష్టమైతే అన్నారు," అంది నసీమున్నీసా.

"ఎవరికి ఇష్టమైతేనో చూడమ్మా."

అది రాయలేదని నస్రత్ చెప్పింది. అంత కంపెనీ పెట్టుకుని అసలు ముక్క రాయకపోతే ఎట్లా అని ఆయనా, వాళ్లకి ఇల్లూ పెళ్లాలూ లేరేమోనని ఆమె, చెరో మాటా అనుకుంటుండగా ఒంగోలు బస్సు వచ్చి ఆగింది. దిగినవాళ్లు దిగినట్టే బండి చుట్టూ మూగారు. పొయ్యి దగ్గర తల్లీ, కాగితాలు చింపుతూ తండ్రీ తెమలకపోవడంతో నస్రత్ ఫోను సంచిలో పడేసి, చున్నీ నడుముకు చుట్టుకుని, ఎర్ర తాడు చాకు అందుకుంది. గింజలు పూర్తిగా తియ్యమని, కళ్లు తుడుచుకోవద్దని తల్లి వెనక్కి తిరగకుండానే చెప్పింది.